బుజ్జి చేసిన వినాయకుల గురించి, నీకు

తల్లీ,

నిన్న రాత్రి నీ కూతురు బుజ్జి సంగతి చెప్తూ ఫోన్‌లో "పెద్దమ్మా, పదకొండేళ్ళకే దీనికి ఇంత మనసు ఎక్కడి నుంచి వచ్చింది" అని అడిగావు, గొంతు జీరబోయి ఆగిపోయావు. నాకూ వెంటనే మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక మీ పెదనాన్నకి మొత్తం చెప్పాను, ఆయన రెండుసార్లు చెప్పించుకున్నారు. ఇప్పుడేం చెయ్యాలి, డ్రాయింగ్ క్లాసులో చేర్పించాలా, పోటీలకు పంపాలా, పది మందికీ తెలిసేలా ఫోటోలు పెట్టాలా అని చివర్లో నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. అది మనసులో పీకుతుంటే పొద్దున్నే లేచి ఇది రాస్తున్నా.

ముందు ఒక మాట. నీకు గర్వంగా ఉంటే ఉండనీ. దిష్టి తగులుతుందనో, పిల్లకి పొగరొస్తుందనో ఆ సంతోషాన్ని మింగేసుకోకు. పిల్లల్ని వాళ్ళ ఎదురుగా మెచ్చుకోకూడదని మన ఇళ్ళల్లో ఒక అలవాటు ఉంది కదా, మా అమ్మ ఒక్కసారి కూడా నా ముందు బాగుందని అనలేదు, నా ముగ్గు గురించి పక్కింటావిడతో గొప్పగా చెప్తుంటే గోడకి ఇవతల నుంచుని విన్నాను. ఆ మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. నాతోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని డెబ్భై ఏళ్ళకి కూడా అనిపిస్తుంది. అందుకని నీ బిడ్డకి నువ్వే చెప్పు, ముఖాన చెప్పు. ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్నదే కాస్త చూసుకోవాలి.

తొమ్మిది రోజుల్లో పధ్నాలుగు మట్టి వినాయకుల్ని చేసి అపార్ట్‌మెంట్‌లో పంచిందని అందరికీ చెప్తున్నావు. పధ్నాలుగు అన్న లెక్క దగ్గర నేను అంతగా ఆగలేదు. నువ్వు మాటల మధ్యలో చెప్పేసి వెళ్ళిపోయిన రెండు సంగతులు మాత్రం రాత్రంతా నన్ను వదల్లేదు.

అన్ని బొమ్మలకీ గురివింద గింజలు గుచ్చి కళ్ళు పెట్టిన పిల్ల, వాచ్‌మన్ వాళ్ళ బొమ్మకి మాత్రం పుల్లతో కళ్ళు గీసి, ఆ గీతల్లో నీ కాటుక నింపిందన్నావు. ఎందుకే అంటే, వాళ్ళింట్లో పాకే పాప ఉంది కదా, గింజ ఊడితే నోట్లో పెట్టేసుకుంటుంది అందట. గురివింద గింజ విషం, నమిలితే ప్రాణం మీదకే వస్తుంది, ఆ సంగతి దానికి ఎవరో ఎప్పుడో చెప్పి ఉంటారు, అది గుర్తుపెట్టుకుంది. బొమ్మ చేస్తున్నంతసేపూ ఆ పాప దాని కళ్ళ ముందే ఉందన్నమాట. ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు తల్లీ, మన దగ్గర ఎక్కువైంది ఇస్తాం, మనకు నచ్చింది ఇస్తాం. తీసుకునే ఇంట్లోకి మనసులో ఒకసారి వెళ్ళొచ్చి ఇచ్చేవాళ్ళు ఎంతమంది?

రెండోది ఆ పగిలిన పొట్ట. పెద్ద బొమ్మకి ఆరేటప్పుడు పొట్ట మీద అడ్డంగా బీట వస్తే ఏడుస్తుందేమో అనుకున్నావట, అది కాసేపు చూసి, పొట్ట పగలడం కథలో కూడా ఉందిగా అని, మట్టితో పామును చేసి బీట మీదుగా మొలతాడులా చుట్టిందట. నేను 33 ఏళ్ళు పాఠాలు చెప్పాను. తప్పు జరిగిన చోటే దారి వెతుక్కునే పిల్లలు క్లాసుకి ఒకరో ఇద్దరో కనపడతారు, చాలామంది చేతిలోది పక్కన పడేసి ఇంకోటి మొదలుపెడతారు.

ఈ రెండూ దానికి చెప్పావా? చెప్పకపోతే ఈ రోజే చెప్పు. "నువ్వు చాలా గ్రేట్, నీ అంత తెలివైనది లేదు" అని చెప్పకు. "పాప నోట్లో పెట్టుకుంటుందని నీకు తట్టింది చూడు, నాకు తట్టలేదు" అను. "బీట మీద పామును చుట్టాలని ఎలా అనిపించింది" అని అడిగి, అది చెప్తుంటే కూర్చుని విను. మెప్పు అంటే అంతే, నువ్వు కళ్ళారా చూసింది దానికి తిరిగి చెప్పడం.

ఇది నా సొంత పైత్యం అనుకోకు. 1998లో అమెరికాలో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు సరిగ్గా బుజ్జి ఈడు పిల్లల మీద, అయిదో క్లాసు పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటుంది. ఆకారాల పజిల్స్ లాంటివి చేయించి, కొంతమందిని తెలివైనవాళ్ళని మెచ్చుకున్నారు, కొంతమందిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైనవి ఇస్తే, తెలివైనవాళ్ళు అనిపించుకున్న పిల్లలే ముందు నీరసపడిపోయారు, తేలికవి కావాలన్నారు, తమ స్కోరు వేరే పిల్లలకి రాసి చెప్పమంటే వాళ్ళలోనే ఎక్కువమంది పెంచి రాశారు. బిరుదు ఇచ్చేస్తే దాన్ని కాపాడుకునే టెన్షన్ మొదలవుతుంది. పాపం చిన్నపిల్లలు కదా.

ఇప్పుడు నా ఇంట్లో జరిగింది చెప్తాను, ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ అన్నయ్య పదేళ్ళప్పుడు సంక్రాంతికి గాలిపటాలు చేసేవాడు. పాత న్యూస్‌పేపరు, కొబ్బరి ఈనెలు, మైదా ఉడికించిన జిగురు, తోకకి నా చిరిగిన చీర పీలికలు, ఖర్చు లేదు. మా వీధి చివర గుడిసెల్లో పిల్లలకి పంచేవాడు, ఒక్కొక్కరికీ వాళ్ళ వాళ్ళ పేరులో మొదటి అక్షరం తోక మీద కట్టి ఇచ్చేవాడు. నేను పొంగిపోయాను. స్టాఫ్‌రూమ్‌లో చెప్పాను, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ వాడిని పిలిచి చూపించమన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మా హెడ్‌మాస్టరు గారి అబ్బాయికి ఒకటి చెయ్యరా, బ్యాంకు మేనేజరు గారికి రెండు చెయ్యరా, బాగా చెయ్యాలి మరి, రంగుకాగితాలు కొనిస్తాను అని మొదలుపెట్టాను. వాడు చేశాడు, కాదనలేదు. మరుసటి సంక్రాంతికి ఈనెలు తెచ్చి వాడి ముందు పెడితే "నాకు రాదమ్మా" అన్నాడు. ఏడాది క్రితం ముప్ఫై చేసిన పిల్లాడు రాదన్నాడు. మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు. ఎవరికి ఇవ్వాలో వాడు నిర్ణయించుకున్నంతకాలం అది వాడి ఆట, వాడి దానం. నేను ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టాక అది నా పరువు కోసం చేసే పని అయిపోయింది. ఇది నాకు అర్థమయ్యేసరికి వాడు కాలేజీకి వెళ్ళిపోయాడు.

అందుకే మీ ఫ్యామిలీ గ్రూపులో ఎవరో "ఒక్కోటి 200కి అమ్మొచ్చు, పిల్లకి బిజినెస్ మైండ్ వస్తుంది" అన్నారని నువ్వు చెప్పగానే నా గుండె గుభేల్‌మంది. డబ్బు చెడ్డదని కాదు, పెద్దయ్యాక చేతిపనితో సంపాదించుకుంటే దానికంటే గౌరవం ఏముంది. ఇప్పుడు, ఈ ఈడులో, తనంతట తాను ఇష్టంగా చేస్తున్నదానికి రేటు కట్టకు. బహుమతి ఆశ పెట్టడమూ అలాంటిదే. 1973లో మార్క్ లెప్పర్, ఆయన తోటివాళ్ళు స్టాన్‌ఫర్డ్ నర్సరీ స్కూల్లో బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్ని తీసుకుని, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే ఆశపెట్టారు. ఒకటి రెండు వారాల తర్వాత మామూలుగా వదిలేసి చూస్తే, ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్ళు గీసినంతసేపు గీయలేదు, సగానికి పడిపోయింది. ఏమీ చెప్పకుండా చివర్లో ఇచ్చిన పిల్లలకి మాత్రం ఏం కాలేదు. అంచేత నీకు ముద్దొచ్చి ఒకరోజు ఐస్‌క్రీమ్ తినిపిస్తే తప్పులేదు, "ఇంకో అయిదు బొమ్మలు చేస్తే" అన్న మాట మాత్రం రానివ్వకు.

ఇంక ఫోటోల సంగతి. బొమ్మలవి పెట్టుకో, దాన్ని అడిగి పెట్టు. పదకొండు, పన్నెండు అంటే సిగ్గు మొదలయ్యే వయసు, నిన్న మొన్నటిదాకా ఫోటో తియ్యమని వెంటపడ్డ పిల్లే ఇప్పుడు మొహం తిప్పుకుంటుంది, వద్దంటే వద్దే. దానికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. వాచ్‌మన్ భార్య, ఇస్త్రీ చేసే ఆయన పిల్లలు బొమ్మ పట్టుకుని నుంచున్న ఫోటోలు నాకు పంపావు. నాకు పంపింది సరే, అక్కడితో ఆపెయ్. ఎక్కడా పెట్టకు. నీ కూతురు వాళ్ళకి పండక్కి దేవుడిని ఇచ్చింది, మూడో అంతస్తు మాస్టారి దంపతులకి ఎలా ఇచ్చిందో అలాగే ఇచ్చింది. మాస్టారి ఫోటో తీశావా? తియ్యలేదు కదా. మరి వీళ్ళది ఎందుకు తీశామో మనం ఆలోచించుకోవాలి. పిల్ల ఇంకా ఈ తేడా నేర్చుకోలేదు, మన ఫోన్ చూసే నేర్చుకుంటుంది.

రెండో అంతస్తులో వాళ్ళు పెద్ద రంగుల విగ్రహం తెచ్చుకుని బుజ్జి ఇచ్చినదాన్ని చెప్పుల స్టాండు మీద పెట్టారని నీకు ఒళ్ళు మండింది. నాకూ మండింది. కానీ వాళ్ళతో తగువుకి వెళ్ళకు, పిల్ల ముందు వాళ్ళని తిట్టకు కూడా. అది చూసింది, ఏమీ అనలేదు అన్నావు. ఈ రాత్రి పక్కలో పడుకున్నప్పుడు "బాధేసిందా" అని ఒక్క మాట అడుగు. అవునంటే అవునననీ. పోనీలే, వాళ్ళకేం తెలుసు, నువ్వు పట్టించుకోకు అని గబగబా మూత పెట్టెయ్యకు. ఇచ్చాక అది వాళ్ళది, ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళిష్టం, అయినా మనకు బాధేస్తుంది, రెండూ నిజమే అని చెప్పు. వచ్చే ఏడు వాళ్ళకి ఇవ్వాలా వద్దా అన్నది అదే తేల్చుకుంటుంది.

ఇంకొకటి, దీన్ని నువ్వు నవ్వుతూ చెప్పావు గానీ నాకు నవ్వు రాలేదు. స్నేహితురాలికి కంపాస్ బాక్సు ఇచ్చేసి, వారం రోజులు తను పెన్సిల్ అరువు తెచ్చుకుందట. దాని చేతికి ఎముక లేదు, నిజమే. ఇష్టంగా ఇచ్చిందా, ఇవ్వకపోతే ఆ పిల్ల మాట్లాడదని భయపడి ఇచ్చిందా అన్నది మెల్లగా కనుక్కో. ఆడపిల్లని ఇచ్చేదానివి, సర్దుకునేదానివి, బంగారుతల్లివి అని పొగిడి పొగిడి కాదనడం చేతకాకుండా పెంచిన ఇళ్ళు నేను చాలా చూశాను, ఆ పిల్లలు పెద్దయ్యాక పడ్డ అవస్థలూ చూశాను. నీ వస్తువు నీది, ఇవ్వాలనిపిస్తే ఇవ్వు, వద్దనిపిస్తే వద్దను, అప్పుడూ నువ్వు నా బంగారానివే అని దానికి వినపడేలా చెప్పు. చిన్నాడి ముందు మాత్రం "అక్కని చూసి నేర్చుకో" అనకు, వాడికి అక్క మీద కోపం రావడం తప్ప ఇంకేం జరగదు. అల్లుడుగారిని కూడా ఒకసారి ఆ పాము గురించి అడగమను, నాన్న అడిగితే దానికి వేరే సంబరం.

క్లాసులో చేర్పించాలా అంటే, అదే అడిగితే చేర్పించు. నేనైతే ముందు బాల్కనీలో ఒక మూల దానికి వదిలేస్తాను, పాత గోనెసంచి పరిచి, మట్టి తొట్టి, నీళ్ళ చెంబు పెట్టి, మరకలు పడినా అరవకుండా. పొట్ట ఎందుకు బీటలిచ్చిందో మాత్రం చెప్పు, పైన ఆరిపోయి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడిగా ఉంటుంది, అందుకే మందంగా ఉన్నచోట పగులుతుంది. పొట్ట లోపల కాస్త డొల్ల చేసి, నానబెట్టి నలిపిన కాగితం గుజ్జు మట్టిలో కలిపి, ఎండలో కాకుండా నీడలో ఆరబెడితే చాలావరకు తగ్గుతుంది. అయినా ఈ సంగతి అది అడిగినప్పుడే చెప్పు. నువ్వు ముందే అన్నీ చెప్పేసి ఉంటే ఆ పాము పుట్టేది కాదు.

సంక్రాంతి సెలవులకి ఇటు వచ్చేటప్పుడు విజయవాడలో దిగండి, కొండపల్లి అక్కడికి దగ్గరే. తెల్లపొణికి చెక్కని ఉలితో చెక్కుతుంటే, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్ళూ అతికిస్తుంటే అది పక్కన నుంచుని చూడాలి. పోటీలో ఫస్ట్ ప్రైజు కంటే ఆ గంట దానికి ఎక్కువ పనికొస్తుంది. వాళ్ళని అది ఏం అడుగుతుందో నువ్వు మధ్యలో రాకుండా విను.

మీ పూజలో పెట్టుకున్నది తొండం వంకరపోయిన చిన్న బొమ్మ అని, మంచివన్నీ ఊళ్ళోవాళ్ళకి ఇచ్చేసిందని కాస్త నొచ్చుకున్నట్టు చెప్పావు. అది మొదటి రోజు చేసినదై ఉంటుంది తల్లీ, చెయ్యి ఇంకా తిరగనప్పటిది. నిమజ్జనానికి ముందు దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు, వేలిముద్రలు ఉంటాయి.

వచ్చే చవితికి నాకూ ఒకటి చేసిస్తానని ఫోన్‌లో అంది. ఆ సంగతి నువ్వు దానికి గుర్తు చెయ్యకు.

మీ
పెద్దమ్మ