కాలింగ్ బెల్ బోర్డు మీద హాంబుర్గర్ ఎవరండీ?

జర్మనీకి కొత్తగా వచ్చిన మనవాళ్ళకు తప్పక వచ్చే సందేహం ఇది. అపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర హాంబుర్గర్, వీనర్, బాంబెర్గర్ అని రాసి ఉంటుంది. అవి ఇంటిపేర్లే. ఊరి పేరుకు ‘ఎర్’ తగిలిస్తే ఆ ఊరివాడని అర్థం. వీన్ అంటే మనం వియన్నా అనే నగరం, అక్కడివాడు వీనర్.

ఒక ఊరి పేరు ఇంటిపేరుగా స్థిరపడేది ఎక్కువగా ఆ ఊరు వదిలి వెళ్ళాకే. హాంబుర్గ్‌లో అందరూ హాంబుర్గర్లే కదా, అక్కడ ఆ పేరుతో ఎవర్ని గుర్తుపడతారు? అమెరికా విదేశాంగ మంత్రిగా చేసిన హెన్రీ కిసింజర్ పుట్టింది జర్మనీలోని ఫ్యూర్త్‌లో. ఆయన పూర్వీకుడొకరు 1817లో బాడ్ కిసింగెన్ అనే ఊరి పేరు మీద ఆ ఇంటిపేరు పెట్టుకున్నారు. నందమూరి, కొణిదెల లాంటి ఇంటిపేర్లున్న మనకు ఇదేమీ వింత కాదు. కాకపోతే హెర్ (అంటే శ్రీ) హాంబుర్గర్‌ని ‘మీది హాంబుర్గా?’ అని అడక్కండి, ఆయన తాతలు కూడా ఆ ఊరు చూసి ఉండకపోవచ్చు.

అసలు జాగ్రత్త పడాల్సింది హోటల్లో. మెనూలో ‘వీనర్ ష్నిట్సెల్’ (బ్రెడ్ పొడి అద్ది వేయించిన పల్చటి మాంసం ముక్క) అని ఉంటే అది దూడ మాంసం. ‘వీనర్ ఆర్ట్’ అంటే వియన్నా పద్ధతిలో చేసినదని, మాంసం మాత్రం మామూలుగా పందిది. గొడ్డు మాంసం తిననివాళ్ళు ‘ఆర్ట్’ అనే ఆ ఒక్క మాట ఉందో లేదో చూసుకోవాలి. ఉత్త ‘వీనర్’ అంటే సాసేజ్. దాన్నే వియన్నాలో ఫ్రాంక్‌ఫుర్టర్ అంటారు, ఎవరి పేరు ఎవరికి అంటగట్టారో! జామ్ నింపిన బన్ను లాంటి బెర్లినర్‌ని బెర్లిన్‌లో మాత్రం ఫాన్‌కూఖెన్ అంటారు. మిగతా చాలాచోట్ల ఫాన్‌కూఖెన్ అంటే పెనం మీద వేసే పాన్‌కేక్. బెర్లినర్ పిండిలో గుడ్డు కలుపుతారు, శుద్ధ శాకాహారులు అడిగి తీసుకోండి.

అన్ని ఊళ్ళకూ ‘ఎర్’ ఒకేలా అతకదు. మ్యూన్‌షెన్ (మనం మ్యూనిక్ అనే ఊరు) వాడు మ్యూన్ష్‌నర్, బ్రేమెన్‌వాడు బ్రేమర్, హనోఫర్‌వాడు హనోఫరానర్. వినగా వినగా వచ్చేస్తాయి. అడ్రస్ రాసేటప్పుడు మాత్రం ‘బెర్లినర్ స్ట్రాసె’ (స్ట్రాసె అంటే వీధి) అని రెండు మాటలుగా విడదీసి రాయాలి.

బెర్లిన్‌లోని ఫ్రాంక్‌ఫుర్టర్ అలే రోడ్డు పేరు చూసి మైన్ నది ఒడ్డున పెద్ద ఎయిర్‌పోర్టున్న ఫ్రాంక్‌ఫర్ట్ అనుకునేరు. అది పోలండ్ సరిహద్దులో, ఓడర్ నది ఒడ్డున ఉన్న ఇంకో ఫ్రాంక్‌ఫర్ట్ వైపు వెళ్ళే దారి. రైలు టికెట్ బుక్ చేసేటప్పుడు ఊరి పేరు పక్కన ‘మైన్’ అని ఉందో ‘ఓడర్’ అని ఉందో చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.