రెసిన్ పని మా వాడికి బతుకుదెరువు అవుతుందా?

ప్రశ్న: మాది నాగార్జునసాగర్ దగ్గర ఒక పల్లె. మా ఆయన రిజర్వాయర్‌లో చేపలు పడతాడు. బాబు ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాడు. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. రెండేళ్లుగా ఫోన్లో వీడియోలు చూసి రెసిన్ పని నేర్చుకున్నాడు. కీచైన్లు, ట్రేలు, పెళ్లి దండల ఫ్రేములు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాడు. వాళ్ల నాన్న ఫైబర్ పడవకు పగులొస్తే ఎపాక్సీతో అతుకు వేశాడు, నెలకే ఊడింది. మే నెలలో ఒకరోజు కలిపిన డబ్బా కాలిపోతూ పొగలొచ్చాయి, నాకు భయమేసింది. ఇప్పుడేమో కాలేజీ వద్దు, ఇదే పని చేస్తానంటున్నాడు. మా మరిది అప్పు చేసైనా మేనేజ్‌మెంట్ కోటాలో బీటెక్ చేర్పించమంటున్నాడు. ఈ మధ్య బాబు వేళ్ల సందుల్లో దద్దుర్లు, దురద. పని అయ్యాక థిన్నర్‌తో చేతులు కడుక్కుంటాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన దద్దుర్ల సంగతే నేను ముందు తీసుకుంటాను. చదువు గురించి రెండు వారాలు ఆలోచించినా నష్టం లేదు. దద్దుర్లు ఆగవు.

రెసిన్ పనిలో మీ బాబు వాడే ఎపాక్సీ రెండు డబ్బాల్లో వస్తుంది, ఒకటి రెసిన్, రెండోది దాన్ని గట్టిపరిచే హార్డెనర్. రెండూ సరిగ్గా కలిసి పూర్తిగా గట్టిపడ్డాక చేత్తో ముట్టుకున్నా భయం లేదు. గట్టిపడక ముందు మాత్రం రెండూ చర్మానికి పడవు. రోజూ కొంచెం కొంచెం తగులుతూ ఉంటే ఒక దశలో ఒంటికి అలర్జీ పట్టుకుంటుంది. ఆ తర్వాత చిన్న చుక్క తగిలినా చేతులు పొక్కుతాయి, కొందరికి మొహం, కనురెప్పలు కూడా వాస్తాయి. అది జీవితాంతం ఉండిపోవచ్చు. పనిలో చేయి తిరిగినవాళ్లు కూడా ఈ ఒక్క కారణంతో పని మానుకోవాల్సి వస్తుంది. మీ బాబుకు వచ్చింది అదేనా, మామూలు దురదా అన్నది చర్మ డాక్టరు చూసి చెప్పాలి. ఈ వారమే తీసుకెళ్లండి. ఏం వాడుతున్నాడో తెలియాలి కదా, ఖాళీ డబ్బాలు కూడా పట్టుకెళ్లండి. అప్పటిదాకా పని ఆపాలి.

థిన్నర్ ఇక ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. అది చర్మం మీద ఉండే నూనెను కడిగేసి రెసిన్‌ను ఇంకా లోపలికి పంపిస్తుంది. చేతికి అంటితే పొడిగుడ్డతో తుడిచి, సబ్బుతో కడుక్కోవాలి. నైట్రైల్ గ్లౌజులు వేసుకోవాలి, చిరిగినా లోపల జిగట తగిలినా వెంటనే మార్చాలి. ఆ గ్లౌజులతోనే ఫోన్ పట్టుకుంటే, తర్వాత ఆ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే రాసుకున్నట్టే. పూర్తిగా గట్టిపడటానికి చాలా రకాలకు వారం దాకా పడుతుంది. ఈలోగా ఎమరీ పేపర్ పట్టితే లేచే పొడి కూడా పడనిదే, కాబట్టి నిండు చేతుల చొక్కా, ఎన్95 మాస్కు ఉండాల్సిందే. వంటగదిలో, పడుకునే గదిలో ఈ పని వద్దు. కలిపిన గిన్నె, గరిటె మళ్లీ వంటకు రాకూడదు.

ఇక పొగల విషయం. రెసిన్, హార్డెనర్ కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ఇంటర్ కెమిస్ట్రీలో మీ బాబు చదివిన ఎక్సోథర్మిక్ రియాక్షన్ ఇదే. ఆ వేడికి రియాక్షన్ ఇంకా వేగం అందుకుంటుంది, ఇంకా వేడి పుడుతుంది. లోతైన డబ్బాలో ఎక్కువ కలిపి ఉంచితే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు, పొగ వస్తుంది, ప్లాస్టిక్ డబ్బా కరుగుతుంది. దాదాపు ప్రతి 10 డిగ్రీలకూ వేగం రెట్టింపవుతుందని లెక్క. అంటే 25 డిగ్రీల దగ్గర అరగంట ఆగే మిశ్రమం మన మే నెల 40 డిగ్రీల్లో దాదాపు పది నిమిషాలే ఆగుతుంది. డబ్బా మీద రాసిన టైమ్ మన ఎండాకాలానికి రాసింది కాదు. కొంచెం కొంచెంగా కలపాలి, కలిపింది వెంటనే వెడల్పాటి ట్రేలోకి పోయాలి, వేసవిలో పడవ పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి. చెక్క మీద పోత అయితే, దానికి భిన్నంగా, సాయంత్రం మేలు. చెక్క వేడెక్కుతుంటే దాని రంధ్రాల్లోని గాలి ఉబ్బి బుడగలై పైకి వస్తుంది, చల్లబడుతుంటే రెసిన్‌నే లోపలికి లాక్కుంటుంది.

పడవ అతుకు ఎందుకు ఊడిందో చూడకుండా చెప్పలేను కానీ, ఈ పనిలో అతుకులు ఊడే కారణాలు నాలుగైదే. ఊడిన ముక్క పారేయకుండా ఉంటే మీ బాబును దాని అడుగు వైపు చూడమనండి. అది నున్నగా, పడవ తాలూకు ఫైబర్ ఏమీ అంటకుండా వచ్చిందంటే రెసిన్ అసలు పట్టలేదన్నమాట. కింద తడి ఉండి ఉంటుంది, లేదా గీకి గరుకు చేయకుండా వేసి ఉంటాడు. నీళ్లలో ఏళ్ల తరబడి ఉన్న ఫైబర్ లోపల తడి పైకి కనిపించదు. పగులు దగ్గర ప్లాస్టిక్ కాగితం పరిచి నాలుగు వైపులా టేపు వేసి ఒక రాత్రి ఉంచమనండి. తెల్లారి కాగితం లోపలి వైపు చెమ్మ పడితే పడవ ఇంకా ఆరలేదు.

ముక్క ఇంకా జిగటగా, మెత్తగా ఉంటే తప్పు కొలతలో ఉంది. పడవలు చేసేచోట ఎక్కువగా వాడేది పాలిస్టర్ రెసిన్, దానిలో క్యాటలిస్ట్ నూటికి ఒకటి రెండు పాళ్లు, ఎండను బట్టి కొంచెం అటూ ఇటూ వేస్తారు. ఎపాక్సీ అలా కాదు. కూరలో ఉప్పులా చూసి వేసేది కాదు హార్డెనర్. కంపెనీ 100కు 50 అంటే 50 మాత్రమే, అదీ తూకమా, కొలపాత్రా అన్నది డబ్బా మీద చూసుకోవాలి. త్వరగా ఆరాలని ఎక్కువ పోస్తే మిగిలిన హార్డెనర్ లోపలే ఉండిపోయి అతుకును బలహీనం చేస్తుంది. చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనివ్వండి.

మూడోది, పగులు మీద బిళ్ల అంటించినట్టు అతికించడం. పగులు చుట్టూ ఏటవాలుగా అరగదీయాలి, మందానికి పన్నెండింతల వెడల్పున. పడవ గోడ 5 మిల్లీమీటర్లు ఉంటే చుట్టూ 6 సెంటీమీటర్ల వాలు. ఆ వాలు మీద గ్లాస్ క్లాత్, అంటే గాజు దారాల గుడ్డ, ముక్కలను సైజుల వారీగా ఒకదానిపై ఒకటి పరిస్తే బరువంతా ఒక్క అంచు మీద పడదు. క్లాత్ నేసినదై ఉండాలి. దారాలు చిందరవందరగా ఉండే మ్యాట్‌ను పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో సరిగ్గా కరగదు. ముందు రోజు వేసిన పొర మీద మైనంలాంటి జిడ్డు కనిపిస్తే, అది సాగర్ గట్టున చెమ్మగాలికి రావచ్చు, ముందు మామూలు నీళ్లతో రుద్ది కడిగి, ఆరాకే ఎమరీ పట్టాలి. చివర్లో పైన పెయింట్ తప్పనిసరి. ఎండ తగిలితే ఎపాక్సీ పసుపెక్కి పొడిబారుతుంది.

ఇదంతా ఒక తల్లికి ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఉత్తరం మీ బాబు కూడా చదువుతాడని నా నమ్మకం. చదివి, అతుకు మళ్లీ వేసి చూడాలన్న కోరిక అతనికి పుడితే ఈ పని అతనికి తగినదే. ఒకటి మాత్రం చెప్పండి, నాన్న పడవ, తోటి జాలర్ల పడవలు సరే. జనాన్ని ఎక్కించే లాంచీల జోలికి ఇప్పుడే పోవద్దు. వాటికి 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ ఉంటాయి, ప్రాణాలతో పని.

కీచైన్లు, ట్రేల మీద నాకు పెద్ద ఆశ లేదు. ఎవరైనా వారంలో నేర్చుకోగలిగిన వస్తువుకు రేటు నిలవదు. పెళ్లి దండల ఫ్రేములకు గిరాకీ ఉంది, కానీ పూలు తేమ పీల్చే సిలికా జెల్‌లో పూర్తిగా ఎండకుండా పోస్తే లోపల గోధుమరంగుకు తిరుగుతాయి. రెసిన్ కూడా ఏళ్లు గడిచేకొద్దీ పసుపుకు వస్తుంది, ఆ మాట కస్టమర్‌కు ముందే చెప్పి అమ్మాలి. మామూలు క్రాఫ్ట్ రెసిన్ 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కనుక పొగలు కక్కే టీ గ్లాసు పెడితే ట్రే మీద గుండ్రటి ముద్ర పడుతుంది. ఇదీ ముందే చెప్పాలి. నిలబడే పని నాకు కనిపించేది చెక్కతో కలిపి చేసే బల్లల్లో. చింత, వేప మొద్దుల పలకలు కోతమిషన్లో బిల్లుతో కొని, తేమ 12 శాతం లోపుకు వచ్చేదాకా నెలల తరబడి ఆరబెట్టే ఓపిక ఉండాలి. దానికి మంచి వడ్రంగి పక్కన కూర్చోవాలి, ఫోన్ సరిపోదు.

చదువు దగ్గరికి వస్తే, అప్పు చేసి మేనేజ్‌మెంట్ సీటు కొనొద్దు. ఇష్టం లేని బ్రాంచిలో నాలుగేళ్లు, ఆ తర్వాత అప్పు వాయిదాలు, మీ ఇంటి ఆదాయానికి అది మోయలేని భారం. నా సలహా, తెలంగాణ డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్ల విధానమైన దోస్త్ ద్వారా నల్గొండలో గానీ దగ్గర్లో గానీ ప్రభుత్వ కాలేజీలో కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీలో చేరమనండి. సెలవుల్లో రెసిన్ పని చేసుకోవచ్చు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ శిక్షణ సంస్థ సీపెట్‌లో ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్ అండ్ టెస్టింగ్ పీజీ డిప్లొమా ఉంది, రెండేళ్లు, సైన్స్ డిగ్రీ ఉన్నవాళ్లకు. ఇప్పుడు మీ బాబు పడవ మీద పరుస్తున్న గ్లాస్ క్లాత్, ఎపాక్సీనే గాలిమరల రెక్కల్లో వాడతారు, విమాన భాగాల్లో కార్బన్ ఫైబర్‌తో కలిపి వాడతారు. సాగర్ రోడ్డు మీద హైదరాబాద్ వెళ్తుంటే వచ్చే ఆదిభట్లలో విమాన భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆ గేటు లోపలికి వెళ్లాలంటే చేతి నేర్పు పక్కన ఒక కాగితం కావాలి.

డిగ్రీ అస్సలు వద్దని పట్టుబడితే బలవంతపెట్టకండి, ఖాళీగా కూడా ఉంచకండి. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ ఒక ఏడాది. కొలత, కోత, జాయింట్లు అక్కడ పద్ధతిగా వస్తాయి.

మీకు ఉపయోగపడే ఇంకొకటి. కేంద్రం 2023 సెప్టెంబర్ 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులు ఉన్నాయి, వాటిలో వడ్రంగి, పడవల తయారీ రెండూ ఉన్నాయి. ముందు ఐదారు రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 దాకా సాయం, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష దాకా అప్పు, అది తీర్చాక ఇంకో రెండు లక్షల దాకా. వయసు 18 నిండాలి, ఆ పని అప్పటికే చేస్తూ ఉండాలి. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్‌లో పెట్టాలి. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. ఐదేళ్ల లోపు ముద్ర లాంటి అప్పు తీసుకుని ఇంకా తీర్చకుండా ఉంటే ఇబ్బంది రావచ్చు, కాబట్టి సెంటర్‌కు వెళ్లే ముందు మీ ఆయన పేరు మీద అలాంటిదేమైనా ఉందా కనుక్కుని, ఎవరి పేరుతో పెట్టాలో ఇంట్లో తేల్చుకోండి.