ఏసీ ప్లాంటు ఉద్యోగం చిన్నదా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తిచేశాడు. మాదాపూర్‌లో ఒక ఆఫీసు భవనంలో ఏసీ ప్లాంటు చూసుకునే ఉద్యోగం వచ్చింది. బంధువులేమో ‘ఏసీ మెకానిక్కా?’ అంటున్నారు. మాన్పించి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తల్లి, ఉప్పల్

జవాబు: అమ్మా, చల్లటి గాలి వేరు, మంచి గాలి వేరు. మీ అబ్బాయికి వచ్చిన ఉద్యోగం ఈ తేడా మీదే నడుస్తుంది. ఇంట్లో స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. వందలమంది పనిచేసే భవనానికి అది చాలదు. ఏహెచ్‌యూ అనే యంత్రం బయటి గాలిని కొంత లాక్కుని, వడగట్టి, చల్లబరచి డక్టుల్లోకి పంపాలి. బయట కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు ఉంటుంది. కొత్త గాలి అందని మీటింగ్ గదిలో పదిమంది తలుపు వేసుకుని కూర్చుంటే అది 1,000 దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఆ అంకె విషమని కాదు, గాలి మారడం లేదనడానికి గుర్తు. మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు పడితే మనం పాపం పప్పన్నం మీదికి నెట్టేస్తాం!

చిక్కంతా మే నెలలో. బయటి గాలిని ఎంత ఎక్కువ తీసుకుంటే కరెంటు బిల్లు అంత పెరుగుతుంది. అందుకే కొన్నిచోట్ల బయటి గాలిని లోపలికి వదిలే రెక్కల తలుపును, అంటే డ్యాంపర్‌ను గుట్టుగా మూసేస్తారు. గాలి తగ్గకుండా బిల్లు తగ్గించడం తెలిసినవారికే ఇక్కడ విలువ. హైటెక్ సిటీ దగ్గర 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన, పరిశ్రమల సమాఖ్య సీఐఐ వారి గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో బయటి గాలిని ముందుగా గాలి గోపురాల్లో చల్లబరచి, ఆ తర్వాతే ఏహెచ్‌యూకు పంపేలా కట్టారు. వీలైతే అబ్బాయిని ఒకసారి చూసి రమ్మనండి.

మొదటి జీతం తక్కువే, రాత్రి షిఫ్టులూ ఉంటాయి. చేరేముందు ఒక్కటి అడగమనండి: భవనం మొత్తాన్ని కంప్యూటర్ నుంచి నడిపే బీఎంఎస్ మీద పని నేర్పుతారా, ఫిల్టర్లు కడగడంతోనే సరిపెడతారా? ఆరు నెలలు కడిగితే మంచిదే. మురికి ఫిల్టరు చేత్తో పట్టుకోనివారికి ఈ పని అబ్బదు. రెండేళ్లూ అదే అయితే మాత్రం వేరే చోటు చూసుకోవాలి. పై చదువు కావాలంటే డిప్లొమా చేసినవారికి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది, నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. మీ ఉత్తరంలో బంధువుల మాట ఉంది, మీ మాట ఉంది, అబ్బాయి ఏమన్నాడో లేదు. అమీర్‌పేటలో ఫీజు కట్టేముందు అది కనుక్కోండి.