కణత, కణితి ఒకటేనా?

సందేహం: 'కణత దగ్గర కోసి కంటి కణితి తీసేశారు' అని ఒక వార్తలో చదివాను. కణత, కణితి ఒకటేనా, అచ్చుతప్పా? 'కంటి కణితి' అన్నా 'కంటిగుంటలో కణితి' అన్నా ఒకటేనా?

సమాధానం: అచ్చుతప్పు కాదండీ. కణత అంటే కంటికీ చెవికీ మధ్య భాగం, తలనొప్పి వస్తే వేళ్లతో నొక్కుకుంటామే, అది. కణితి అంటే ఒంట్లో అసహజంగా పెరిగిన గడ్డ. కణుతి అని రాసేవాళ్లూ ఉన్నారు, అదీ సరైనదే. రెండూ ఒకే వాక్యంలో పడటానికి కారణం ఆపరేషన్ పద్ధతే. కంటిగుంట బయటి గోడ కణత వైపు ఉంటుంది కాబట్టి, ఆ పక్కన ఉన్న కణితిని అందుకోవడానికి అటునుంచి కొంత ఎముక తొలగించి లోపలికి వెళ్తారు. క్రోన్‌లైన్ అనే సర్జన్ 1888లోనే ఈ దారిని వివరించాడు. కణితి ముక్కు వైపు ఉంటే కొందరికి ముక్కులోంచే ఎండోస్కోప్ పంపి తీస్తారు.

ఇక 'కంటి కణితి'. వ్యాకరణం ప్రకారం తప్పు పట్టలేం, కానీ ఆ మాటతో కణితి ఎక్కడుందో తెలియదు. కనుగుడ్డు లోపల పుట్టిందా, గుడ్డు వెనక గుంటలో పుట్టిందా, లేక మెదడు పొరల్లో మెనింజియోమాగా మొదలై పుర్రె అడుగు ఎముకలోకి పాకి కంటిగుంటలోకి దిగిందా? మూడింటికీ వైద్యం వేరు. మూడోదానికి సాధారణంగా న్యూరోసర్జన్ కావాలి. మెనింజియోమాలు చాలావరకు క్యాన్సర్ కావు, అయినా కన్నును ముందుకు తోస్తాయి, చూపు నరాన్ని నొక్కుతాయి. అందుకే 'కంటిగుంటలో కణితి', 'పుర్రె అడుగున కణితి' అని చోటు చెప్పి రాయడమే మేలు. ఉత్త 'కంటి ఆపరేషన్' అని రాస్తే మాత్రం నూటికి తొంభై మంది శుక్లాలే అనుకుంటారు!

మీరు అడగలేదు గానీ నాకు ఆ వాక్యంలో అన్నిటికన్నా ఇబ్బందిగా తోచింది 'తీసేశారు'. తీశారు అంటే పని జరిగింది అని మాత్రమే, తీసేశారు అంటే ఇక మిగల్లేదు అనే ధ్వని వస్తుంది. పుర్రె అడుగున కంటిని కదిలించే నరాలూ మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలూ ఇరుకుగా ఉంటాయి, వాటికి అంటుకున్న ముక్కను గీకితే చూపు పోవచ్చు, పక్షవాతమూ రావచ్చు కాబట్టి సర్జన్లు కొన్నిసార్లు కావాలనే కొంత వదిలేస్తారు. అలాంటప్పుడు 'కణితిని చాలావరకు తీశారు, మిగిలినదాన్ని స్కానింగ్‌లతో గమనిస్తూ అవసరమైతే రేడియేషన్ ఇస్తారు' అని రాయాలి.