కుర్చీలో ఎవరు, నేల మీద ఎవరు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. లక్నోలో 1785లో జొహాన్ జోఫనీ వేసిన పామర్ కుటుంబ చిత్రాన్ని ఎంచుకున్నందుకు చాలా సంతోషించాను. కానీ వెనక ఉన్న పరిచారికతో రెండు పేజీలు మాట్లాడించావు చూడు, అక్కడ ఆగిపోయాను. పరాయి పాలన, బానిసత్వం, ఆత్మగౌరవం, అన్నీ ఆమె నోట పలికించావు. ఆ కోపం నీది. న్యాయమైన కోపమే. అయితే ఆమెను నువ్వింకా చూడలేదు.

నేనూ ఇదే పని చేశాను. మా ఇంట్లో ఒక పాత స్టూడియో ఫొటో ఉంది. తాతయ్య కుర్చీలో, నాయనమ్మ పక్కన, ఓ చివర చంటిపిల్లను ఎత్తుకున్న పనిమనిషి. ఆమె మీద కథ రాసి అమ్మకు చూపించాను. "ఆవిడ చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదే! ఇంతసేపు ఎప్పుడు మాట్లాడింది?" అంది అమ్మ. ఆ కథ నేనెక్కడా అచ్చుకి ఇవ్వలేదు.

జోఫనీ చిత్రం మళ్లీ తెరిచి చూడు. ఈస్టిండియా కంపెనీ అధికారి మేజర్ విలియం పామర్ కుర్చీలో ఉన్నాడు. అతని సహచరి బీబీ ఫైజ్ బఖ్ష్ నేల మీద కూర్చుంది. ఆమె ఒంటి మీద నగలున్నాయి, పిల్లలకు తల్లి, పరిచారికలకు యజమానురాలు. అయినా కుర్చీ ఆమెది కాదు. అలాగని తొందరపడి అవమానమని రాసెయ్యకు, నేల మీద కూర్చోవడం ఆమె ఇంటి మర్యాద కూడా. ఈ రెండూ ఒకేసారి నిజం. కథ పుట్టేది అక్కడే. చంటివాడి పేరు హేస్టింగ్స్ అని గమనించావా? తండ్రి పైఅధికారి వారెన్ హేస్టింగ్స్ పేరు అది. కన్నబిడ్డ పేరులోనే కొలువు కనిపిస్తోంది.

ఇక డబ్బు సంగతి. నీ కథలో అది అసలు లేదు. జోఫనీ 1783లో ఇండియా వచ్చిందే సంపాదన కోసం. ఆ చిత్రంలోని పెద్ద పిల్లవాడు, తండ్రి పేరే ఉన్న విలియం, పెద్దయ్యాక మన హైదరాబాద్ వచ్చి వడ్డీ వ్యాపారం పెట్టాడు. నిజాం సర్కారుకు భారీ వడ్డీకి అప్పులిచ్చాడు. 1820లో ఒక్క అప్పే 60 లక్షలు. అది తీర్చడానికి ఏం పోయిందో తెలుసా? ఉత్తర సర్కారుల కోసం కంపెనీ నిజాంకు ఏటా కట్టే 7 లక్షల రూపాయల పేష్కష్, అంటే కప్పం. నిజాం ఆ హక్కును దాదాపు 1 కోటి 16 లక్షలకు శాశ్వతంగా వదులుకుంటే, ఆ సొమ్ముతో పామర్ బాకీ తీర్చారు. గంజాం నుంచి గుంటూరు దాకా మన రైతులు శిస్తు కట్టిన నేల అది. లక్నోలోని ఆ గదికి, మన ఊళ్లకు మధ్య ఇంత దారి ఉంటే నువ్వు అటు తిరిగి కూడా చూడలేదు.

పరిచారిక మాటలన్నీ తీసెయ్. ఆమె పేరు మనకు దొరకలేదు, నువ్వూ పెట్టకు. ఎటు చూస్తోంది, చేతులు ఎక్కడున్నాయి, అంతవరకే రాయి.

తర్వాత విలియం దగ్గరికి వెళ్లు. అప్పటికి వాడికి ఐదేళ్లు. నాన్న కుర్చీలో, అమ్మ నేల మీద. చిత్రకారుడు ఇక చాలని చెప్పగానే వాడు ఎవరి దగ్గరికి పరిగెత్తుతాడు? అక్కడ మొదలుపెట్టి పది పేజీలు రాసి పంపించు. పండక్కి ఊరొచ్చినప్పుడు కూర్చుని చదువుదాం.

నీ
అక్క