స్పెయిన్ తీరంలో ఇల్లు: ఎండ కోసమైతే సరే

ప్రశ్న: స్పెయిన్‌లో అలికాంటె తీరాన పాత అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్ చూశాం. చలికాలం ఎండలో గడపొచ్చు, మిగతా రోజులు టూరిస్టులకు అద్దెకివ్వొచ్చు, రెసిడెన్సీ కూడా వస్తుందని అమ్మేవాళ్లు చెబుతున్నారు. ఈ కారణాలతో కొనొచ్చా?

జవాబు: రెసిడెన్సీ మాట వదిలేయండి. 5 లక్షల యూరోలు పెట్టి ఇల్లు కొన్నవారికి ఇచ్చే గోల్డెన్ వీసాను స్పెయిన్ 2025 ఏప్రిల్ 3న రద్దు చేసింది. సొంత ఇల్లున్నా, యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ పర్యాటక వీసా మీద వెళ్తే ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండనివ్వరు.

అద్దె సంగతీ అంత తేలిక కాదు. అదే తేదీ నుంచి, అపార్ట్‌మెంట్‌లో కొత్తగా టూరిస్టులకు ఇవ్వాలంటే ఓనర్ల సంఘంలో అయిదింట మూడు వంతుల ఆమోదం కావాలి. యూరోపియన్ యూనియన్ బయట ఉండేవారి అద్దె ఆదాయంపై పన్ను 24 శాతం. ఖాళీగా పెట్టుకున్నా తప్పదు: ప్రభుత్వ రికార్డుల్లోని విలువలో 1.1 లేదా 2 శాతాన్ని ఆదాయంగా లెక్కగట్టి, దానిమీద అదే రేటు వేస్తారు.

మిగిలింది ఎండ. మా దృష్టిలో అసలైన కారణం అదే, అది చాలు కూడా. కాకపోతే ఎండ ఊళ్లో ఉంటే సరిపోదు, మీ గదిలోకి రావాలి. అలికాంటె 38 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. డిసెంబరు మధ్యాహ్నం అక్కడ సూర్యుడు 28 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, జూన్‌లో 75 దాకా ఎక్కుతాడు. అందుకే దక్షిణం వైపు బాల్కనీ ఉంటే చలికాలపు ఎండ గది లోపలిదాకా పడుతుంది, వేసవి ఎండను పై స్లాబే ఆపేస్తుంది. పడమటి ముఖం ఇల్లు జులై సాయంత్రాల్లో ఉడికిపోతుంది. ఉత్తరపు ముఖానికి చలికాలమంతా ఎండ పొడ తగలదు. పాత కట్టడాల్లో చాలావాటికి హీటింగ్ ఉండదు, గోడలు చెమ్మెక్కి బూజు పడతాయి. ఇల్లు చూడటానికి జులైలో కాదు, జనవరిలో వెళ్లండి.

బాల్కనీ అడుగుభాగం తప్పక చూడండి. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీట్‌లోకి దిగితే లోపలి కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, పెచ్చులు ఊడతాయి. ఆ రిపేరు ఖర్చును ఓనర్లందరికీ పంచుతారు, దాన్ని డెర్రామా అంటారు. సంఘం సమావేశాల మినిట్స్ అడిగి చదివితే అలాంటిది రాబోతోందేమో ముందే తెలుస్తుంది.

ప్రశ్న: బయానా ఇచ్చేముందు ఏమేం చూసుకోవాలి?

జవాబు: విదేశీయుల గుర్తింపు సంఖ్య ఎన్ఐఈకి ముందుగానే దరఖాస్తు పెట్టండి, అది లేకుండా కొనుగోలు పూర్తికాదు. తర్వాత ప్రాపర్టీ రిజిస్ట్రీ నుంచి 'నోటా సింప్లె' తీయించండి. ఓనరెవరో, తాకట్టు, జప్తు ఉన్నాయేమో అందులో ఉంటుంది. సంఘానికి పాత ఓనరు బకాయి పడితే ఈ ఏడాదిదీ, అంతకుముందు మూడేళ్లదీ ఆ ఇంటినే పట్టుకుంటుంది. బకాయి లేదన్న సర్టిఫికెట్ రాతపూర్వకంగా తీసుకోండి.

బయానా సాధారణంగా 10 శాతం. 'అర్రాస్ పెనిటెన్సియాలెస్' పద్ధతిలో రాసుకుంటే, మీరు వెనక్కి తగ్గితే అది పోతుంది, అమ్మేవారు తగ్గితే రెట్టింపు ఇవ్వాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: విదేశాల్లో ఉండేవారికి బ్యాంకులు మామూలుగా ఇంటి విలువలో 60 నుంచి 70 శాతమే లోన్ ఇస్తాయి. లోన్ రాకపోతే బయానా వాపసివ్వాలన్న షరతు ఒప్పందంలోనే రాయించండి.

అమ్మకపు దస్తావేజును ధ్రువీకరించే నోటరీ మీ తరఫు మనిషి కాదు, ఇరువైపులకూ సమానం. వేరే లాయరును పెట్టుకోండి, అమ్మేవారి ఏజెంటు చూపించినవారిని మాత్రం వద్దు. అమ్మేవారు స్పెయిన్‌లో నివసించనివారైతే ధరలో 3 శాతం మీరే ఆపి, నెలలోగా 211 ఫారంతో పన్ను శాఖకు కట్టాలి. మరిచిపోతే ఆ బాకీ ఇంటిమీదికి వస్తుంది.

ప్రశ్న: ఇసుకకు ఆనుకున్న ఇల్లు చవగ్గా వస్తోంది. తీసుకోమంటారా?

జవాబు: తీర సరిహద్దు రేఖ చూడకుండా వద్దు. 1988 తీర చట్టం ప్రకారం ఆ రేఖకు సముద్రం వైపున్న నేల ప్రజల ఆస్తి. అక్కడి పాత ఇళ్లకు ఉండేది గడువున్న అనుభవ హక్కే, యాజమాన్యం కాదు. పక్కనే 'రాంబ్లా' అనే ఎండిన వాగు ఉంటే ప్రభుత్వ వరద పటం కూడా చూడండి. ఏడాదిలో ఎక్కువ రోజులు చుక్క నీరు లేని ఆ వాగులే శరదృతువు కుండపోతలకు గంటల్లో నిండి పారతాయి.