సువార్త వినకుండా వెళ్ళిపోయినవారి గురించి నిన్ను అడిగినప్పుడు

ప్రభువునందు ప్రియమైన మేనల్లుడికి,

మామయ్య వందనములు, ఆశీస్సులు. నీ ఉత్తరం సోమవారం అందింది. గృహ ప్రార్థన ముగిసి అందరూ లేచి వెళ్ళాక, కిందటి ఈస్టరుకు బాప్తిస్మం తీసుకున్న ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఆగిపోయి, "అయ్యగారూ, మా నాయనమ్మ యేసయ్య పేరే వినకుండా చనిపోయింది. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉంది?" అని అడిగిందనీ, నీవు "వచ్చే వారం మాట్లాడదామమ్మా" అని వచ్చేశావనీ రాశావు. జవాబు చెప్పలేకపోయానని నీవు బాధపడుతున్నావు గాని, అందులో నాకు తప్పేమీ కనబడలేదు. అదే ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పినవాణ్ణి నేను. అప్పుడు ఏం జరిగిందో ముందు చెబుతాను.

నేను సేవలోకి వచ్చిన మూడో సంవత్సరం అది. పొగాకు పనికి వెళ్ళే ఒకావిడ కొత్తగా విశ్వాసంలోకి వచ్చింది. ఆవిడ తల్లి అంతకు ముందే చనిపోయింది. ఆ ముసలమ్మ ప్రతి వేసవిలో పొలాలకు వెళ్ళే డొంక పక్కన తాటాకు పందిరి వేసి, తడి ఇసుకలో రెండు కొత్త కుండలు దించి, మిట్టమధ్యాహ్నం దారిన పోయేవాళ్ళ దోసిళ్ళలో ముంతతో నీళ్ళు పోసేదట. నీళ్ళు దూరపు బావినుంచి తానే మోసుకొచ్చేదట. ఇదంతా చెప్పి, చివరికి నీకు ఎదురైన ప్రశ్నే ఆవిడ నన్ను అడిగింది. నేను వెంటనే అపొస్తలుల కార్యములు నాల్గవ అధ్యాయం తెరిచి, "ఆకాశము క్రింద మనుష్యులలో ఇయ్యబడిన మరి ఏ నామమున రక్షణ పొందలేము" అని చదివి, కాబట్టి మీ అమ్మ నశించిపోయినట్టేనని చెప్పాను. ఆవిడ వాదించలేదు. కొంగు తల మీదికి లాక్కుని, నేను తాగిన గ్లాసు కడిగి బోర్లించి, "సరే అయ్యగారూ" అంది. నేను ఆ ఊళ్ళో ఉన్న మిగతా రెండేళ్ళూ పిల్లల్ని ఆదివారపు బడికి పంపింది గాని, తాను మందిరం మెట్టు ఎక్కలేదు.

నేను చదివిన వాక్యం సత్యం. దానికి తగిలించిన తీర్పు మాత్రం నాది. పేతురు ఆ మాట పలికింది యెరూషలేములో, యేసును సిలువకు అప్పగించిన అధికారుల ఎదుట. వాళ్ళు చూసినవాళ్ళు, విన్నవాళ్ళు, తెలిసి తిరస్కరించినవాళ్ళు. డొంక పక్కన కుండలు పెట్టుకుని కూర్చున్న, ఎవరూ వచ్చి చెప్పని ఒక ముసలమ్మ గురించి పేతురు అక్కడ మాట్లాడటం లేదు. ఎవరితో అన్న మాటను ఎవరి మీద ప్రయోగిస్తున్నామో చూసుకోకపోవడం బోధకుడు చేయగలిగిన పెద్ద తప్పుల్లో ఒకటి, నేను అది చేశాను.

అందుచేత నీవు మొదట చేయవలసిన పని వాక్యాలు వెదకడం కాదు. ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి కూర్చుని, ఆ నాయనమ్మ పేరు అడుగు. ఎట్లా ఉండేది, ఏం పని చేసేది, ఏ జబ్బుతో పోయింది, చివరి రోజుల్లో ఎవరు చూసుకున్నారు అని అడుగు. ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో చాలామందికి వేదాంతం అక్కర్లేదు. తనను ఎత్తుకుని పెంచిన మనిషిని వదిలేసి తాను ఒక్కతే ఒడ్డుకు చేరానేమోనన్న దిగులు వాళ్ళది. తండ్రి తాతలనాటి నుంచి క్రైస్తవులమైన నీకూ నాకూ ఆ దిగులు సులభంగా తెలియదు. నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించుకునేటప్పుడు, ఆ తోటలో తన వాళ్ళ సమాధి ఒక్కటీ లేక గోడ పక్కన నిలబడిపోయేవాళ్ళను ఎప్పుడైనా గమనించావా? ఇకమీదట గమనించు.

తెలియదని రాశాను గాని, వెనక్కి వెళితే అది మన ఇంటి ప్రశ్న కూడా. 1876 నుంచి 1878 వరకు ఉన్న గొప్ప కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చారని నీకు తెలుసు. ఆ కాలంలో ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు, అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. కరువు సడలిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం ప్రతి జూబిలీలోనూ సంతోషంగా చెప్పుకుంటాం. అయితే బాప్తిస్మాలు ఆగిన ఆ నెలల్లో, బాప్తిస్మం కావాలని ఎదురుచూస్తూ పోయినవాళ్ళూ, అసలు ఆ వార్త చెవిన పడకముందే పల్లెల్లో ఆకలికి పోయినవాళ్ళూ ఎంతమందో ఏ లెక్కలోనూ లేరు. మా ముత్తాతగారి తండ్రి ఆ రోజు నదిలో దిగినవాడు. ఆయన తల్లి అంతకు ముందు ఏడాది కరువులో పోయిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. కొడుకుకూ తల్లికీ మధ్య ఉన్న తేడా ఒక్క సంవత్సరం. ఆమె పేరు కూడా మాకు మిగలలేదు. ఆమె గురించి తీర్పు చెప్పమంటే నాకు నోరు రాదు.

ఇది మన ఒక్కరికే వచ్చిన చిక్కు అనుకోకు. 1549లో జపాను చేరిన కతోలిక మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్, అక్కడినుంచి తిరిగి వచ్చాక 1552లో కొచ్చిన్ నుంచి రాసిన లేఖలో ఈ సంగతే ఉంది. కొత్తగా విశ్వసించిన జపానీయులు చనిపోయిన తల్లిదండ్రుల కోసం ఏడ్చి, దానధర్మాలతోనో ప్రార్థనలతోనో వాళ్ళను నరకంనుంచి విడిపించవచ్చా అని అడిగితే, ఆయన ఏ ఉపాయమూ లేదని చెప్పారు. తాను ప్రేమించే మిత్రులు అట్లా ఏడుస్తుంటే తనకూ దుఃఖం కలుగుతోందని కూడా రాశారు. అదే లేఖలో ఇంకొక చోట, దేవుడు ఇన్నాళ్ళూ మాకు ఎందుకు తెలియజేయలేదని అడిగినవాళ్ళకు ఆయన చెప్పిన జవాబు వేరుగా ఉంది: చంపడం, దొంగిలించడం చెడ్డవని ఎవరూ నేర్పకముందే మీకు తెలుసు, కొండల్లో ఒంటరిగా పెరిగినవాడికి కూడా తెలుస్తుంది, మనిషిని చేసినవాడే ఆ తెలివిని హృదయంలో పెట్టాడు అని. ఈ రెండో జవాబును పట్టుకుని ఆయన మొదటి జవాబు దగ్గరకు మళ్ళీ వచ్చి ఉంటే, ఆ ఏడ్చినవాళ్ళతో ఇంకొక మాట చెప్పగలిగేవారేమోనని నాకు అనిపిస్తుంది. ఆయన త్యాగం ముందు నేను ఎంతవాణ్ణీ కాను, అయినా ఇది చెప్పక తప్పదు.

ఇక వాక్యం దగ్గరకు వద్దాం. ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళేముందు నీవు ఒంటరిగా చదువుకోవలసిన భాగాలు కొన్ని ఉన్నాయి. రోమా పత్రిక రెండవ అధ్యాయంలో, ధర్మశాస్త్రం లేని అన్యజనులు "ధర్మశాస్త్రసారము తమ హృదయములయందు వ్రాయబడినట్టు" చూపుతారని పౌలు అంటాడు. అక్కడే వాళ్ళ మనస్సాక్షి ఒకసారి తప్పు మోపుతుందనీ ఒకసారి విడిపిస్తుందనీ కూడా అంటాడు గనుక, సగం చదివి ఊరట పడవద్దు. ఏథెన్సులో ఆయన "ఆ అజ్ఞానకాలములను దేవుడు చూచి చూడనట్టుగా ఉండెను" అన్నాడు. లూకా పన్నెండవ అధ్యాయంలో యజమానుని చిత్తం తెలిసి చేయని దాసునికి అనేకమైన దెబ్బలు, తెలియక తప్పు చేసినవానికి కొద్ది దెబ్బలే అని ప్రభువే చెప్పాడు. అపొస్తలుల కార్యములు నాల్గవ అధ్యాయంలో అంత గట్టిగా మాట్లాడిన పేతురే పదవ అధ్యాయంలో యూదుడు కాని శతాధిపతి కొర్నేలీ ఇంట నిలబడి, "దేవుడు పక్షపాతి కాడని నిజముగా గ్రహించియున్నాను" అని అన్యజనుల గురించి తన అభిప్రాయం మార్చుకున్నాడు. అయినా కొర్నేలీ మంచివాడు కదా, సువార్త అక్కర్లేదని దేవుడు ఊరుకోలేదు, పేతురును పంపించాడు. ఈ రెండూ కలిపి పట్టుకో. ఒకటి వదిలితే కఠినుడివి అవుతావు, రెండోది వదిలితే నీ సేవకు అర్థం ఉండదు.

సంఘ పెద్దలు ఏమన్నారో తెలుసుకోవడం మంచిదే గాని అక్కడ ఎక్కువసేపు ఉండవద్దు. రెండవ శతాబ్దపు హతసాక్షి జస్టిన్, వాక్యమైన క్రీస్తు వెలుగులో నడిచినవాడని సోక్రటీసును కూడా క్రైస్తవుల్లో లెక్కించాడు. సంఘానికి బయట రక్షణ లేదన్న మాట మూడవ శతాబ్దంలో కార్తేజి అధ్యక్షుడు సిప్రియను నుంచి వచ్చింది. అది సంఘంలో చీలికలు తెచ్చేవాళ్ళను ఉద్దేశించి రాసినది, తరువాత అందరికీ వర్తింపజేశారు. రోమను కతోలిక సంఘం 1964లో, రెండవ వాటికన్ మహాసభలో, తమ తప్పు లేకుండా సువార్త ఎరుగనివారు దేవుణ్ణి నిజమైన మనసుతో వెదికి, ఆయన కృప సాయంతో మనస్సాక్షి చెప్పినట్టు నడుచుకుంటే రక్షణ పొందగలరని ప్రకటించింది. మన వైపు పెద్దల్లో ఇందుకు ఒప్పుకునేవారూ ఉన్నారు, ఒప్పుకోనివారూ ఉన్నారు.

వీటన్నిటికంటె నా మనసులో నిలిచింది ఇటలీ మహాకవి డాంటే ఏడు వందల ఏళ్ళ కిందట వేసిన ప్రశ్న. సింధు నది ఒడ్డున ఒక మనిషి పుట్టాడు, అక్కడ క్రీస్తును గురించి చెప్పేవారు లేరు, అతని నడతలో లోపం లేదు, బాప్తిస్మం లేకుండా చనిపోయాడు, అతన్ని శిక్షించే న్యాయం ఏది అని. ఎక్కడో ఉన్న ఆయనకు ఈ సంగతి ఆలోచించేటప్పుడు మన దేశపు మనిషే గుర్తుకు వచ్చాడు. దానికి వచ్చిన జవాబు ఆ అమ్మాయికి కాదు, నీకూ నాకూ: జానెడు చూపుతో వెయ్యి మైళ్ళ దూరానికి తీర్పు చెప్పడానికి పీఠం ఎక్కిన నీవెవరు?

మరి ఆ అమ్మాయితో ఏం చెప్పాలి? నీకు తెలియనిది తెలియదని చెప్పు, అయితే దాన్ని మొదటి మాటగా చెప్పవద్దు. తీర్పు తీర్చేవాడు ఎవరో మనకు తెలుసునని ముందు చెప్పు. సొదొమ కోసం బతిమాలిన అబ్రాహాము "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అన్నాడు, దేవుడు ఆ మాటకు కోపగించలేదు. నీ నాయనమ్మను నీకంటె ఎక్కువ ఎరిగినవాడు, నీకంటె ఎక్కువ ప్రేమించినవాడు, నిన్ను వెదుక్కుంటూ వచ్చినవాడు, ఆమె ఆయన చేతిలో ఉంది, ఆయన చేతికి మేకు గాయాలున్నాయి అని చెప్పు. అంతవరకు నీకు వాక్యం ఆధారం ఉంది. ఆమె పరలోకంలోనే ఉందని గట్టిగా చెప్పి ఊరడించాలని నీకు అనిపిస్తుంది, నీది మెత్తని మనసని నాకు తెలుసు. అది చెప్పవద్దు. నరకంలో ఉందనడానికి నీకు ఎంత అధికారం ఉందో, పరలోకంలో ఉందనడానికీ అంతే ఉంది. "రహస్యములు మన దేవుడైన యెహోవాకు చెందును" అని ద్వితీయోపదేశకాండంలో రాసి ఉంది, ఆ రహస్యాల్లో ఇది ఒకటి. తెలియదన్న మాటను ప్రేమతో చెబితే మనుషులు తట్టుకుంటారు. నేను ఆ పొగాకు పనికి వెళ్ళే తల్లితో అంతవరకే చెప్పి ఉండవలసింది.

తరువాత ప్రార్థన చెయ్యి. చనిపోయినవారి కోసం ప్రార్థించడం మన సంఘాల్లో లేదు గనుక కృతజ్ఞత చెల్లించు. ఆ ముసలమ్మ పేరు పెట్టి, "ఈ బిడ్డను పెంచడానికి నీవు ఆమెను ఇచ్చావు, ఆమె చేసిన ప్రతి మంచికీ నీకు స్తోత్రం" అను. ఆ ఇంటి గోడమీద దండ వేసిన ఫోటో ఉంటే తీసేయమని చెప్పవద్దు. పూజ వేరు, నాయనమ్మ మొహం చూసుకోవడం వేరు, ఆ తేడా ఆ అమ్మాయి నిదానంగా తానే తెలుసుకుంటుంది.

అడిగేవాళ్ళందరూ ఇట్లా దుఃఖంలో ఉండరు. ఊళ్ళో పెద్దమనిషి ఎవరైనా "మీ లెక్కన మా తాతలంతా నరకానికే పోయారా?" అని కోపంగా అడిగితే, అది గౌరవానికి సంబంధించిన ప్రశ్న. ఆయన పెద్దలను నీవు తక్కువ చేయలేదని ముందు ఆయనకు తెలియాలి. సువార్త సభల్లో మైకు చేతిలో ఉన్నప్పుడు ఆ ఊరి చనిపోయినవారి సంగతి ఎన్నడూ ఎత్తవద్దు. ఆ రాత్రి లౌడ్‌స్పీకరు శబ్దం ఏ ఇంట్లో ఏ తల్లి చెవిన పడుతుందో నీకు తెలియదు.

మన యువకుల్లో ఒకడు ఇంకొక విధంగా అడుగుతాడు: విననివారిని దేవుడే చూసుకుంటే, మనం వెళ్ళి చెప్పడం ఎందుకు? అతనికి రోమా పత్రిక పదవ అధ్యాయం చూపించు: "ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" సువార్త చావు తరువాతకు మాత్రమే పనికివచ్చే చీటీ కాదని చెప్పు. 1878లో ఆ నదిలో దిగిన మాదిగ పల్లెల జనానికి అది తలెత్తి నడవడం, పిల్లలకు అక్షరం, దేవుడు నా పేరు ఎరుగునన్న ధైర్యం తెచ్చింది. ఒక్క ఏడాది ముందు అందని ఆ తల్లికి ఇవేవీ బతికి ఉండగా అందలేదు. ఆమె పరలోకపు సంగతి దేవుడు చూసుకుంటాడు. బతికున్నప్పుడు ఆమె దగ్గరకు ఎవరూ వెళ్ళలేదన్న బాధ మాత్రం నన్ను ఇన్నేళ్ళూ సైకిలు ఎక్కించి ఊళ్ళు తిప్పింది.

ప్రభువును ఒకడు "రక్షణ పొందువారు కొద్దిమందేనా?" అని అడిగినప్పుడు ఆయన సంఖ్య చెప్పలేదు, ఇరుకు ద్వారమున ప్రవేశించడానికి పోరాడమని అడిగినవాడికే చెప్పాడు. ఈ భాగాన్ని కూడా ఆ అమ్మాయితో చదవవచ్చు, అయితే మొదటి రోజున కాదు. మూడు నాలుగు సార్లు వెళ్ళి వచ్చాక, దుఃఖం కాస్త నెమ్మదించాక.

వచ్చే వారం అన్నావు కాబట్టి ఆదివారం దాటకుండా వెళ్ళు. చెల్లినీ వెంట తీసుకువెళ్ళు, ఆడపిల్ల ఇంటికి ఒంటరిగా వెళ్ళకు. బైబిలు సంచిలోనే ఉంచి, ముందు మంచినీళ్ళు అడిగి తాగు. ఆ నాయనమ్మ పేరేమిటో నాకు తప్పక రాయి. ఉదయం ప్రార్థనలో ఆ అమ్మాయిని జ్ఞాపకం చేసుకునేటప్పుడు ఆ పేరు కూడా పలకాలని ఉంది.

ప్రభువునందు
నీ మామయ్య